చేతి చెమట, చెమటకాయలు, చెమటే పట్టని ఒళ్ళు: స్వేద గ్రంథులపై తిరుపతి, చిత్తూరు సభ్యుల చర్చ

కాళహస్తి కలం

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాను. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన నల్లరంగుతో గీత గీసేటప్పుడు అరచేయి గుడ్డకు ఆనక తప్పదు. నా అరచేతులకు ఎప్పుడూ చెమటే. గీత ఆరకముందే ఆ తడి తగిలితే నలుపు పక్కకు పాకి, అమ్మవారి ముక్కుపుడక కాస్తా మసిబొట్టు అవుతుంది. పడిన నల్ల మచ్చను తీయడం ఎవరి తరమూ కాదు కాబట్టి పాత పంచె ముక్కను మడిచి చేతి కింద పెట్టుకుని గీస్తున్నాను. ఎండాకాలమైతే సరిపెట్టుకోవచ్చు గానీ, డిసెంబరులో మంచు పడే ఉదయాల్లో కూడా ఇదే వరస. నిద్రలో మాత్రం చేతులు పొడిగానే ఉంటున్నాయని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు. మా నాన్నకూ, మేనత్తకూ ఇలాగే ఉండేది. ఒంట్లో వేడి ఎక్కువైందని సబ్జా గింజలు, మెంతులు, బార్లీ నీళ్ళు అన్నీ తాగించారు. ఇది జబ్బా, ఒంటి తీరా? వైద్యం ఉందా?

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి

వైద్యం సంగతి వైద్యులు చెబుతారు. ‘ఒంట్లో వేడి’ గురించి మాత్రం నేను చెప్పవలసింది ఉంది, ఎందుకంటే అరచేతి చెమటకూ ఒంటి ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత లేదు.

మనిషి చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి. వీటిలో అత్యధికం ఎక్రైన్ గ్రంథులు. చర్మం లోపలి పొరలో చుట్టలు చుట్టుకున్న సన్నని గొట్టం, అక్కడి నుంచి పైకి వచ్చి చర్మం మీద తెరుచుకునే నాళం, ఇంతే దీని నిర్మాణం. లోపలి చుట్టలో ఊరే ద్రవంలో ఉప్పు దాదాపు రక్తద్రవంలో ఉన్నంతే ఉంటుంది. అది పైకి వస్తుండగా నాళపు గోడలు ఆ ఉప్పులో చాలా భాగాన్ని వెనక్కి లాగేసుకుంటాయి. చెమట జోరుగా పట్టినప్పుడు అలా లాగుకోవడానికి వ్యవధి చాలదు. అలిపిరి నుంచి నడిచి ఎక్కినవారి నల్ల చొక్కా ఆరిన తరువాత వీపు మీద తెల్లని ఉప్పు చారలు తేలడానికి కారణం ఇదే. ఈ ఉప్పును వెనక్కి తీసుకునే దారి పుట్టుకతోనే పనిచేయకపోవడం సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో ఒక భాగం. ఆ పిల్లల చెమటలో ఉప్పు అసాధారణంగా ఎక్కువని పాల్ డి సాంట్ ఆగ్నీస్ బృందం 1953లో చూపింది. నేటికీ ఆ వ్యాధి నిర్ధారణకు చెమటలోని క్లోరైడును కొలిచే పరీక్షే ప్రధానం.

ఇక మీ చేతుల విషయం. వీపు, ఛాతీ, నుదురు వంటి చోట్ల గ్రంథులు మెదడులోని హైపోథలామస్ మాట వింటాయి. రక్తం వేడెక్కితే అది ఆజ్ఞ పంపుతుంది. అరచేతులు, అరికాళ్ళలో గ్రంథులు మరీ ఒత్తుగా ఉంటాయి, అవి ప్రధానంగా మనసు కదలికకు స్పందిస్తాయి. ఆదుర్దా, భయం, ఏకాగ్రత, ఏదైనా సరే. ఈ తేడాను జపాను శరీరధర్మ శాస్త్రవేత్త యాస్ కునో ఎంతో ఓపికగా పరిశీలించారు. కొద్దిపాటి తడి చేతి పట్టుకు మేలు చేస్తుంది కూడా. కొండదారిలో మన చేతిలోని అరటిపండు లాక్కునే కోతి అరచేతిలో ఉన్నవీ ఈ గ్రంథులే. గీత గీయడం ఏకాగ్రతతో చేసే పని, పైగా చెడిపోతుందేమోనన్న దిగులు తోడు. మీ చేతులు తడవడానికి డిసెంబరైనా మే నెలైనా ఒకటే. నిద్రలో ఆ ఒత్తిడి ఉండదు కాబట్టి ఆరిపోతాయి.

ఈ గ్రంథులన్నిటినీ నడిపేవి సహానుభూత నాడులు, అంటే మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడులు. ఆ వ్యవస్థకు చెందిన నాడులు సందేశాన్ని మోసే రసాయనంగా చాలా చోట్ల నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేస్తే, ఎక్రైన్ గ్రంథుల దగ్గర మాత్రం ఎసిటైల్‌కొలీన్‌ను విడుదల చేస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చెమటను ఆపే మందులు, చెమటను వరదలా పట్టించే విషాలు అన్నీ సులువుగా అర్థమవుతాయి.

చంకలు, గజ్జలు, చనుమొనల చుట్టూ ఉండే అపోక్రైన్ గ్రంథులు వేరే రకం. అవి యుక్తవయసులో పని మొదలుపెడతాయి, వెంట్రుక కుదురులోకి చిక్కని ద్రవాన్ని వదులుతాయి. ఆ ద్రవానికి వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. పదమూడేళ్ళ పిల్లవాడు ఉన్నట్టుండి వాసన వస్తున్నాడంటే స్నానం ఎగ్గొట్టాడని తిట్టేముందు ఇది తలచుకోండి.

చంద్రగిరి పరుగు

మాస్టారూ, నేను శ్రీవారి మెట్టు దారిలో ఎక్కడం అలవాటు చేసుకున్నాను. 2,388 మెట్లు, ఎక్కేసరికి తల నుంచి పాదాల దాకా తడిసిపోతాను. చెమటతో ఒంట్లో మలినాలు, కొవ్వు బయటికి పోతాయని వ్యాయామశాలలో చెప్పి, ప్లాస్టిక్ కోటు వేసుకుని ఎక్కమన్నారు. నిజంగానే కోటు వేసుకున్న రోజు బరువు ఎక్కువ తగ్గుతోంది.

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి

తగ్గింది నీళ్ళ బరువు నాయనా, రెండు చెంబుల నీళ్ళు తాగితే తిరిగి వచ్చేస్తుంది. చెమటలో సుమారు 99 శాతం నీరే. తక్కినది సోడియం, క్లోరైడు, కొద్దిగా పొటాషియం, లాక్టేటు, యూరియా. మలినాలను బయటికి పంపే పని మూత్రపిండాలది, కాలేయానిది. కొవ్వు కరిగేది నడక వల్ల, తడి వల్ల కాదు.

ఆ కోటు ఎందుకు ప్రమాదమో చెబుతాను. చెమట చల్లబరిచేది పట్టినప్పుడు కాదు, ఆరినప్పుడు. ఒక లీటరు చెమట పూర్తిగా ఒంటి మీదే ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. కారి మెట్టు మీద పడిన చుక్క వల్ల మీకు దక్కేది ఏమీ లేదు, నీరూ ఉప్పూ నష్టం తప్ప. ప్లాస్టిక్ కోటు లోపల గాలి తేమతో నిండిపోయి ఆవిరి కావడం ఆగిపోతుంది, ఒంటి వేడి పెరుగుతూనే ఉంటుంది. తిరుపతిలో ఎండ 42 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉన్న రోజున పని చేసుకోగలిగినవాళ్ళు, సూళ్ళూరుపేట వైపు 36 డిగ్రీల ఉక్కపోతలో సొమ్మసిల్లడానికి కారణం కూడా ఇదే. కోటు తీసేసి వదులైన నూలు బట్టలు వేసుకోండి.

అలవాటు పడని ఒంటికి ఎండలో పని కొత్తగా చెప్పినప్పుడు గ్రంథులు సర్దుకోవడానికి సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తరువాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చలి ఊళ్ళ నుంచి మే నెలలో వచ్చి, దిగిన రోజే కొండ నడిచే కుర్రవాళ్ళు పడిపోవడంలో వింత లేదు.

చర్మ వైద్యురాలు, చిత్తూరు

కాళహస్తి కలం గారూ, మీరు రాసిన లక్షణాలు, మరో జబ్బు వల్ల కాక దానంతట అదే వచ్చే ప్రాథమిక అతిస్వేదానికి సరిగ్గా సరిపోతున్నాయి: రెండు చేతులకూ సమానంగా ఉండడం, నిద్రలో ఆగిపోవడం, ఇంట్లో మరికొందరికి ఉండడం. సాధారణంగా చిన్నతనంలోనో యుక్తవయసులోనో మొదలవుతుంది. గ్రంథులు పెద్దవీ కావు, ఎక్కువా కావు. వాటికి వచ్చే నాడీ సంకేతం మోతాదు మించుతోంది. నడివయసులో కొత్తగా మొదలైనా, ఒళ్ళంతా పట్టినా, రాత్రిళ్ళు బట్టలు తడిసినా అది వేరే కథ. అప్పుడు థైరాయిడ్, చక్కెర, వాడుతున్న మందులు, అంటువ్యాధులు అన్నీ చూడాలి.

వైద్యం మెట్టు మెట్టుగా ఉంటుంది. మొదటిది అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం, సాధారణంగా 20 శాతం. రాత్రి పడుకునేముందు చేతులు పూర్తిగా ఆరిన తరువాత రాసి, ఉదయం కడగాలి. తడి చేతికి రాస్తే మంట పుట్టి పని పాడవుతుంది; ఇది పనిచేయలేదని వచ్చేవాళ్ళలో సగానికి సగం మంది పగలు, చెమట మీదే రాసినవాళ్ళే. లవణం నాళం ముఖద్వారంలో పేరుకుని దారిని తాత్కాలికంగా మూస్తుంది. అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సరు వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు నిలిచే ఆధారం లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి వాడాలి.

చేతులకు, పాదాలకు నాకు ఎక్కువ నమ్మకమున్నది అయాంటోఫోరెసిస్. రెండు పళ్ళేలలో కుళాయి నీళ్ళు పోసి, చేతులు ముంచి, 15 నుంచి 20 మిల్లీఆంపియర్ల స్వల్ప విద్యుత్తును ఇరవై, ముప్పై నిమిషాలు పంపుతారు. మొదట వారానికి మూడుసార్లు, ఫలితం కనిపించాక వారానికొకసారి. సన్నగా జలదరింపు ఉంటుంది. ఉంగరాలు తీసేయాలి, పగుళ్ళు, గాట్లు ఉన్నచోట వాసెలిన్ పూయాలి. గర్భిణులకు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి చేయరు.

బోటులినం సూదిమందు నాడి చివర నుంచి ఎసిటైల్‌కొలీన్ బయటికి రాకుండా ఆపుతుంది. చంకలకు బాగా పనిచేస్తుంది, కొన్ని నెలలు నిలుస్తుంది. అరచేతికి సూదులు చాలా నొప్పి, పైగా కొన్ని వారాలు పట్టు సడలవచ్చు. కలం పట్టే చేతికి నేను అంత తేలిగ్గా సలహా ఇవ్వను. గ్లైకోపైరోలేట్, ఆక్సిబ్యుటినిన్ మాత్రలు ఒళ్ళంతటి చెమటనూ తగ్గిస్తాయి, నోరు ఎండుతుంది, చూపు మసకబారవచ్చు. మన ఎండల్లో అవి వేసుకుని బయట పనిచేస్తే వడదెబ్బ ముప్పు ఉంటుంది కాబట్టి సొంతంగా కొని వాడవద్దు. తిరుపతి రుయా ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతారు.

నగరి మరమగ్గం

డాక్టరమ్మ గారూ, ఆపరేషన్ గురించి చెప్పలేదేమి? మా తమ్ముడికి ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషన్ ఒక నగరంలో చేశారు. చేతులు ఆ రోజు నుంచే ఆరిపోయాయి, అది నిజం. కానీ ఇప్పుడు వీపు, పొట్ట, తొడలు కారిపోతున్నాయి. మగ్గం షెడ్డులో పూటకు రెండు బనియన్లు మార్చుకుంటున్నాడు. ఇలా అవుతుందని ముందు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

చర్మ వైద్యురాలు, చిత్తూరు

కావాలనే చివరికి ఉంచాను. ఛాతీలోని సహానుభూత నాడీ గొలుసును కత్తిరించడమో బిగించడమో చేస్తే అరచేతులు దాదాపు అందరికీ ఆరతాయి. అయితే మీ తమ్ముడికి వచ్చినది ఆ చికిత్సకు అతి సాధారణమైన దుష్ఫలితం. చాలామందికి ఎంతో కొంత వస్తుంది, కొందరికి మొదటి బాధను మించిపోతుంది. కత్తిరించినదాన్ని తిరిగి అతికించి మునుపటిలా చేయగల నమ్మకమైన మార్గం లేదు. వేడి ప్రదేశాల్లో, షెడ్డుల్లో పనిచేసేవారికి ఈ ఆపరేషన్ చెప్పేముందు నేను పదిసార్లు ఆలోచిస్తాను. మీ తమ్ముణ్ణి నిరాశపడవద్దనండి. తక్కువ మోతాదు మాత్రలతో ఆయనకు కొంత ఉపశమనం దొరకవచ్చు, షెడ్డు వేడిని లెక్కలోకి తీసుకుని వైద్యుడు మోతాదు నిర్ణయించాలి.

పలమనేరు అమ్మ

తిరుపతిలో పుట్టింటికి వచ్చాం. నాలుగు నెలల బాబుకు మెడ మడతల్లో, వీపు మీద ఎర్రగా చెమటకాయలు లేచాయి. మా అమ్మ నూనె రాసి నలుగు పెడుతోంది, మా అత్తగారు ఫోనులో పౌడరు దట్టంగా చల్లమంటున్నారు. మధ్యలో నేను.

చర్మ వైద్యురాలు, చిత్తూరు

ఇద్దరినీ నొప్పించకుండా రెండూ ఆపండమ్మా. చెమటకాయలంటే నాళం దారి మూసుకుపోయి చెమట చర్మంలోకే చిమ్మడం. పైపొరలోనే మూసుకుంటే నీటి బొట్టుల్లాంటి పొక్కులు వస్తాయి, దురద ఉండదు. కాస్త లోతున మూసుకుంటే ఎర్రబడి చురచురలాడతాయి. నూనె ఆ దారిని ఇంకా మూస్తుంది. పౌడరు మడతల్లో ముద్దకడుతుంది, పసివాడి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. పసివాళ్ళకు గ్రంథుల సంఖ్య పెద్దవాళ్ళంతే ఉండి, చర్మం విస్తీర్ణం తక్కువ, నాళాలు లేత. అందుకే వాళ్ళకే ఎక్కువ వస్తాయి. గోరువెచ్చని నీటితో స్నానం, మడతలు ఒత్తి తుడవడం, పలుచని నూలు చొక్కా, గాలి ఆడే గది. కొన్ని రోజుల్లో తగ్గుతాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా చూపించండి.

పుంగనూరు టీచరు

మా బడిలో ఏడేళ్ళ పిల్లవాడు ఒకడున్నాడు. జుట్టు చాలా పలుచన, పళ్ళు నాలుగైదే, అవీ మొనదేలి ఉన్నాయి. ఆటల గంటలో మొహం ఎర్రబడి కుళాయి కింద తల పెట్టేస్తాడు గానీ ఒక్క చుక్క చెమట పట్టదు. వ్యాయామం మాస్టారు బద్ధకం అంటున్నారు. నాకెందుకో అలా అనిపించడం లేదు.

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి

బద్ధకం కాదమ్మా. మీరు వర్ణించినది చదవగానే నాకు డార్విన్ గుర్తుకొచ్చారు. సింధు ప్రాంతపు హిందూ కుటుంబం ఒకదానిలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు పళ్ళు కొద్దిగా, జుట్టు తక్కువగా ఉండడం, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి అల్లాడడం గురించి ఆయన 19వ శతాబ్దంలోనే నమోదు చేశారు. ఆడవాళ్ళకు రాకుండా వాళ్ళ కొడుకులకు వస్తోందని కూడా గమనించారు. ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు లోపం వల్ల వచ్చే ఈ స్థితిని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. జుట్టు, పళ్ళు, చెమట గ్రంథులు గర్భంలో ఒకే పొర నుంచి ఏర్పడతాయి కాబట్టి మూడూ కలిసి దెబ్బతింటాయి.

చర్మ వైద్యురాలు, చిత్తూరు

టీచరు గారూ, నిర్ధారణ చూసి చేయాలి గానీ, అంతవరకు ఆ పిల్లవాణ్ణి ఎండలో పరుగెత్తించవద్దని మీ వ్యాయామం మాస్టారుకు గట్టిగా చెప్పండి. వాడు కుళాయి కింద తల పెట్టడం అల్లరి కాదు, లేని చెమటను నీళ్ళతో భర్తీ చేసుకోవడం. తడి బనియను వేసుకోనివ్వండి, ఫ్యాను కింద కూర్చోబెట్టండి. ఒంటి మీద తడి ఉంటేనే ఫ్యాను గాలి మేలు చేస్తుంది. 40 డిగ్రీలు దాటిన గాలి పొడి ఒంటి మీద వీస్తే వేడే ఎక్కుతుంది. తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడండి, కారణం తెలియని జ్వరాలని చిన్నప్పటి నుంచి తిప్పుతూ ఉండి ఉంటారు. పళ్ళ వైద్యులు చేయగలిగినదీ చాలా ఉంది.

అలిపిరి మజ్జిగ కొట్టు

చెమట ఎక్కువైనవాళ్ళను రోజూ చూస్తాను, నా బేరమే వాళ్ళతో. మీ మాటలు చదివాక ఒక సందేహం వచ్చింది. మే నెలలో దిగివచ్చే పెద్దవాళ్ళు కొందరి అరికాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి, రాయి కాలినట్టే తమకు తెలియలేదంటారు. వాళ్ళ పాదాలు బూడిద పూసినట్టు ఎండిపోయి, మడమలు పగిలి ఉంటాయి. మొహం మీద మాత్రం ధారగా చెమట. ఒకే మనిషికి పైన వాన, కింద కరవు ఎందుకు?

చర్మ వైద్యురాలు, చిత్తూరు

మీ కన్ను వైద్యుడి కన్ను. వాళ్ళలో ఎక్కువమందికి ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి ఉండి ఉంటుంది. చక్కెర ముందుగా పొడవైన నరాల చివరలను, అంటే పాదాలలోని సన్నని నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శను, నొప్పిని మోసే నరాలతో పాటు చెమట గ్రంథులకు వెళ్ళే నరాలూ పోతాయి. అందుకే పాదం ఎండి, పగిలి, కాలినా తెలియని స్థితికి వస్తుంది. కింద చెమట ఆగిన కొద్దీ ఒళ్ళు చల్లబడే భారమంతా మొహం, మెడ, ఛాతీ మీద పడుతుంది. కొందరికి అన్నం ముద్ద నోట పెట్టగానే మొహమంతా చెమట కారడం కూడా చక్కెర చేసే నరాల జబ్బులో భాగమే; కారం తింటే ఎవరికైనా నుదుట పట్టే చెమట వేరు.

స్వామి దర్శనానికి చెప్పులు లేకుండా నడవడం మొక్కు అనేది నాకూ తెలుసు. చక్కెర ఉన్నవారు ఎక్కేముందు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. అది సన్నని నైలాను దారంతో రెండు నిమిషాల్లో అయిపోయే పరీక్ష. స్పర్శ తగ్గిందని తేలితే తెల్లవారుజామున బయలుదేరాలి, దట్టమైన నూలు మేజోళ్ళు వేసుకోవాలి, పైకి చేరాక ఎవరిచేతనైనా అరికాళ్ళు చూపించుకోవాలి. బొబ్బ చిన్నదని వదిలేస్తే పుండై, వేలు తీసేయవలసి వచ్చిన మనుషులను నా దగ్గర చూశాను. రోజూ రాత్రి మడమలకు వాసెలిన్ రాస్తే పగుళ్ళు తగ్గుతాయి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు.

ఇదే సందర్భంలో ఇంకొకటి. ఒంటి మీద ఎక్కడైనా రంగు తగ్గిన మచ్చ ఉండి, చుట్టూ చెమట పట్టినా ఆ మచ్చ మీద పట్టకపోతే, అక్కడ గిచ్చినా తెలియకపోతే, అది కుష్టు కావచ్చు. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మన పక్కనే, వేలూరు దగ్గరి కరిగిరిలో 1955 నుంచి ఈ వ్యాధి మీద పనిచేస్తున్న సంస్థ ఉంది. దాచుకోవలసిన జబ్బు కాదు.

గంగాధర నెల్లూరు రైతు

మామిడి తోటలో మందు కొట్టిన సాయంత్రం మా పాలేరుకు చొక్కా పిండేంత చెమట పట్టింది, నోట చొంగ కారింది. ఎండ దెబ్బని మజ్జిగ తాగించబోయాం.

జీవశాస్త్రం మాస్టారు, తిరుపతి

తాగించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఎసిటైల్‌కొలీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, విరగని ఆ రసాయనం పోగుపడి చెమట, చొంగ, కన్నీరు ఆగకుండా వస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు సీసా చీటీతో సహా తీసుకెళ్ళండి. విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్త గింజ తిన్న పిల్లలకు దీనికి సరిగ్గా తలకిందులు: చర్మం ఎండిపోయి ఒళ్ళు కాలిపోతుంది. ఎర్రతేలు కుట్టినప్పుడు కూడా ఒళ్ళంతా చల్లని చెమట పట్టి చేతులు చల్లబడతాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ అటువంటివారిని ప్రాజోసిన్ మాత్రతో కాపాడవచ్చని చూపారు. మంత్రం వేయించడానికి పోయే సమయం లేదు.

గంగాధర నెల్లూరు రైతు

ఆసుపత్రికే తీసుకెళ్ళాం మాస్టారూ, కోలుకున్నాడు. అందుకే ఇక్కడ రాశాను.

రేణిగుంట రైల్వే

నాకు నెల రోజులుగా రాత్రిళ్ళు దిండు తడిసిపోతోంది. పగలు మామూలే. సాయంత్రం కాస్త ఒళ్ళు వెచ్చబడుతోంది, బరువు తగ్గాను, పొడి దగ్గు. క్వార్టర్సులో ఫ్యాను తిరగక అనుకుంటున్నాను.

చర్మ వైద్యురాలు, చిత్తూరు

ఫ్యాను మీద నెట్టకండి. రాత్రి చెమట, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, దగ్గు నాలుగూ కలిశాయంటే మొదట క్షయ కాదని తేల్చుకోవాలి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉచితంగానే చేస్తారు. అది కాదని తేలితే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సరు), థైరాయిడ్ వంటివి వరసగా చూస్తారు. రేపు ఉదయమే వెళ్ళండి, అంతవరకు దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి, పిల్లలకు కాస్త దూరంగా పడుకోండి. ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి.